నడిగీత దగ్గర నిలబడ్డ మక్తల్ పిల్ల

నల్లగొండ నుంచి మక్తల్ పోవాలనుకునే వాళ్లకు ముందే ఒక మాట చెప్తున్నాను. నేరుగా బస్సు ఉంటుందని ఎవరైనా అంటే నమ్మకండి. నేను నమ్మాను. "ఆరింటికి డైరెక్ట్ బస్సు ఉంది మేడం, ఎక్కి కూర్చుంటే మక్తల్‌లనే దిగుడు" అని చెప్పాడు పీడీ సార్. మా శ్రావణి చదివే డిగ్రీ కాలేజీలో ఆటలు నేర్పించే సారు ఆయన. జనవరి చలిలో, ఐదున్నరకే, శాలువా కప్పుకుని, పదిమంది ఆడపిల్లలతో బస్టాండ్‌లో నిలబడ్డాక ఎంక్వయిరీ కిటికీ లోంచి తెలిసింది: అలాంటి బస్సు లేదట. ప్రయాణంలో నాకు తగిలిన మొదటి షాక్ అది. అదే చిన్నది కూడా.

నేను ఎందుకు బయల్దేరానో చెప్పాలి. శ్రావణి నా చెల్లెలి బిడ్డ. డిగ్రీ ఆఖరి సంవత్సరం. కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఆడుతుంది. చిన్న కాలేజీల ఆడపిల్లల జట్లకు మక్తల్‌లో పోటీ పెట్టారు. నాలుగు జట్లు, ఒకటే రోజు. ఈ పోటీ నుంచి ఒకే ఒక్క పిల్లను యూనివర్సిటీ జట్టులోకి తీసుకుంటారు. మిగతా పదకొండు మందిని వేరేచోట ముందే తీసేసుకున్నారు. ఆ పన్నెండో జెర్సీ కోసం మా పిల్ల మూడేళ్లుగా పొద్దున అయిదింటికి లేచి గ్రౌండ్‌కు ఉరుకుతోంది. అది వస్తే వ్యాయామ విద్య కోర్సులో స్పోర్ట్స్ కోటా సీటు దొరుకుతుంది. రాకపోతే వాళ్ల నాన్న చూసి పెట్టిన ప్రైవేటు బడిలో టీచరమ్మ ఉద్యోగం.

ఆడపిల్లల జట్టు వెంట ఒక ఆడమనిషి ఉండాలి. రావలసిన లెక్చరర్‌కు జ్వరం. నేను జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. ముప్పై ఏళ్ల కింద ఇదే ఆట, దుపట్టా నడుముకు బిగించి, ఇదే నల్లగొండలో ఆడాను. అందుకని నన్ను అడిగారు. శ్రావణి మాత్రం ఒక షరతు పెట్టింది.

"పెద్దమ్మా, నువ్వు రా. గని నోరు మూసుకొని రా."

"నేనేం మాట్లాడుతనే?"

"అదే నా భయం" అంది.

ఆరు దాటాక దేవరకొండ బస్సు దొరికింది. కొండమల్లేపల్లిలో దిగి కల్వకుర్తి బస్సు, అక్కడ జడ్చర్ల బస్సు, ఆ తర్వాత మహబూబ్‌నగర్. ఆడవాళ్లందరికీ ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్. పదకొండు మందిమి ఉచితంగా కూర్చుంటే, అన్ని బస్సుల్లోనూ డబ్బులు పెట్టింది పీడీ సార్ ఒక్కడే. అందుకేనేమో, కొండమల్లేపల్లి దాటేసరికి ఆయనకు నా మీద కోపం రావడం మొదలైంది. లేదా నేను వ్యూహం గురించి అడగడం వల్ల కావచ్చు.

"ఫైనల్‌ల ఏం ఆడిస్తరు సార్?"

"జోన్ మేడం. ఎవల జాగా వాళ్లు కాస్తరు. మనకు సేఫ్."

"ఆడపిల్లల ఆటకు సేఫ్ ఏంది సార్? మనిషికి మనిషిని పెట్టాలె. ఎదుటి పిల్లను నీడలెక్క పట్టుకోవాలె. జాగాను కాస్తే జాగానే మిగుల్తది, పాయింట్లు వాళ్లకు పోతయ్."

"మీరు ఆడిన కాలం వేరు మేడం."

"ఎందుకు, అప్పుడు బంతి చతురస్రంగ ఉండెనా?"

పిల్లలు కిసకిసలాడారు. శ్రావణి కిటికీ వైపు తిరిగి తల కొట్టుకుంది. మా ముందు సీట్లో రేగుపండ్ల గంప ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ముసలమ్మ వెనక్కి తిరిగింది.

"ఏం బిడ్డా, ఇంట్ల లొల్లి బస్సుల పెట్టిన్రు? ఆలుమొగలన్నంక సర్దుకపోవాలె."

పీడీ సార్ ముఖం ఎర్రమందారమైపోయింది. ఆయనకు ముప్పై నాలుగేళ్లు, నాకు యాభై రెండు. కల్వకుర్తి వచ్చేదాకా ఆయన డ్రైవర్ పక్కన బానెట్ మీద కూర్చున్నాడు.

కల్వకుర్తి బస్టాండ్ ఎదుట మిర్చి బజ్జీ బాగుంటుంది, కానీ పొద్దున పదింటికి తినకండి. జడ్చర్ల చేరేదాకా మంచినీళ్లు అడుక్కున్నాను. మహబూబ్‌నగర్‌లో మధ్యాహ్నం భోజనం చేశాం. పిల్లలకు పెరుగన్నమే పెట్టించాను, ఆటకు ముందురోజు బిర్యానీ వద్దని. అక్కడా పీడీ సార్‌తో వాదన జరిగింది. నేనే గెలిచాను.

ఒంటిగంట దాటాక మక్తల్ బస్సు. కండక్టర్ ఆడమనిషి, నలభై ఏళ్లుంటాయి, మెడలో విజిల్. పిల్లల ట్రాక్‌సూట్లు చూసి అడిగింది, "ఏడికెళ్లి వస్తున్నరు?"

"నల్లగొండ. బాస్కెట్‌బాల్ పోటీకి."

"మా ఊర్లనే గదా. మా మాదేవి కూడా ఆడ్తది. చూస్తరు రేపు."

"ఎన్ని పాయింట్లు కొడుతుంది?" అని అడిగాను.

"ఒక్కటి గూడ కొట్టది."

నవ్వాపుకోలేకపోయాను. "ఒక్కటి కూడా కొట్టకపోతే ఇంకేం ఆడుతుందమ్మా? మా శ్రావణిని చూడు. ఒక్క మ్యాచ్‌లో ఇరవై దాకా కొడుతుంది. ఈ చుట్టుపక్కల చిన్న కాలేజీల్లో ఇంతకంటే మంచి ప్లేయర్ ఉంటే చూపించు."

శ్రావణి నా చెయ్యి గిల్లింది. కండక్టరమ్మ టికెట్ మిషన్ చంకలో పెట్టుకుని నన్ను తేరిపార చూసింది.

"మాదేవి కొట్టది. కొట్టనియ్యది. అంతే నాకెర్క. నువ్వు సదువుకున్నదానివి, రేపు నువ్వే చెప్పు."

దేవరకద్ర, మరికల్ దాటాక భూమి రంగు మారుతుంది. నల్లరేగడి, రోడ్డుకు రెండుపక్కలా కోసిన కంది చేలు, అక్కడక్కడ పత్తి మోళ్లు, గొర్రెల మందలు. బోర్డుల మీద కన్నడ అక్షరాలు కనబడడం మొదలవుతుంది. మూడింటి లోపే మక్తల్‌లో దిగాం.

అసలు షాక్ కాలేజీ ఆవరణలో ఎదురైంది.

కోర్టు మీద కందులు ఆరబోసి ఉన్నాయి.

ఒక మూల చారెడు కాదు. సిమెంటు కోర్టులో నడిగీత దగ్గర మొదలై అవతలి రింగు కిందిదాకా, సగం కోర్టు నిండా ఎండిన కంది కట్టెలు, కాయలు, రాలిన గింజలు. నలుగురు ఆడవాళ్లు నెత్తికి కొంగు చుట్టుకుని కర్రలతో దబదబ బాదుతున్నారు. దుమ్ము లేచి పోతోంది. ఇది ఆటస్థలమా, కల్లమా? నేను గేటు దగ్గరే ఆగిపోయాను.

ఇవతలి సగంలో మక్తల్ పిల్లలు ఆడుతున్నారు. ఆడుతున్నారని అన్నానా? ఇవతలి స్తంభానికి రింగే లేదు. బోర్డు ఉంది. దాని మీద రింగు ఊడిపోయిన నాలుగు బోల్టు రంధ్రాలున్నాయి. రింగు లేని సగంలో, ఏడెనిమిది మంది పిల్లలు బంతిని ఒకరి చేతి నుంచి ఒకరికి, మోకాలి ఎత్తులో, బుల్లెట్లలాగా వేసుకుంటున్నారు. ఎవరూ పైకి వేయడం లేదు. వేయడానికేముంది?

"ఇదేంది సార్, రింగు లేకుంట బాస్కెట్‌బాలా?" అని పీడీ సార్‌ను అడిగాను. ఆ ప్రయాణంలో మొదటిసారి ఆయనకూ నాకూ ఒకే అభిప్రాయం కుదిరింది. ఇద్దరం నవ్వాం.

కర్రతో బాదుతున్న ఒకావిడ నవ్వు విని ఇటు చూసింది. సన్నటి మనిషి, పళ్లకు తంబాకు మరక. పేరు కాశమ్మ అని తర్వాత తెలిసింది.

"రేపటికి ఎత్తేస్తమమ్మా, ఫికర్ చెయ్యకుర్రి. రింగు గూడ వెల్డింగు షాపుల తయారైంది, పొద్దుగాల బిగిస్తరంట."

"మీరు కాలేజీలో కందులు కొడుతుంటే ఎవరూ ఏమనరా?"

"ఊర్ల గింత మంచి సిమెంటు జాగా యాడుంది? మా అత్తకాలం కెళ్లి ఇక్కడ్నే. ఎండ ఇటుదిక్కే పడ్తది, అటు బిల్డింగు నీడ. అందుకే రింగున్న దిక్కు మాకు, రింగు లేని దిక్కు పోరీలకు."

"ఎన్నాళ్లు?"

"పంటలున్నన్నాళ్లు. వానకాలం పెసర్లు, గిప్పుడు కందులు, ఎండకాలం వడ్లు."

ఆ మాట అంటుండగానే ఆట వైపు నుంచి బంతి ఒకటి ఎగిరి వచ్చింది. నేరుగా కందుల్లో పడేదే. నడిగీత మీద, కందులకు వీపు పెట్టి నిలబడ్డ ఒక పొట్టిపిల్ల ఒక్క ఎగురు ఎగిరి రెండు చేతులతో పట్టి, మళ్లీ లోపలికి వేసింది. వెనక్కి ఒక్క అడుగు పెట్టలేదు. మడమ గీతను ముట్టుకుని ఆగింది.

కాశమ్మ కర్ర ఆపకుండానే చెప్పింది. "నా బిడ్డ. మాదేవి. బంతి కందుల్ల పడితే నేను ఊకోను. ఎవతి ఏస్తే అది పది చాటలు చెరిగి పోవాలె. అందుకే దీన్ని గీత మీద కావలి పెట్టిన్రు. మూడేండ్ల కెళ్లి అదే పని."

కండక్టరమ్మ చెప్పిన పిల్ల ఈమేనా అనుకున్నాను. జాలేసింది. ఆ రాత్రి కాలేజీ గదిలో జొన్నరొట్టె, కొత్త కందిపప్పు పెట్టారు. ఆ పప్పు రుచి చెప్పడానికి నాకు వేరే వ్యాసం కావాలి. తింటూ శ్రావణితో అన్నాను, "రేపు నీకు ఎదురు లేదు బిడ్డా. వాళ్లకు రింగు చూసిన గుర్తు కూడా లేదు." శ్రావణి రొట్టె తుంచుతూ కిటికీలోంచి కోర్టు వైపు చూసింది. ఆ పిల్ల నాకంటే ముందే ఏదో చూసిందని నాకప్పుడు తట్టలేదు.

మర్నాడు ఎనిమిదింటికి కోర్టు అద్దంలా ఉంది. ఊడ్చి, కడిగి, సున్నంతో గీతలు వేశారు. కందులు గోడ పక్కన సంచుల్లో నిలబడ్డాయి. కొత్త రింగుకు ఎర్రరంగు ఇంకా ఆరలేదు. పొద్దున జరిగిన ఆటలో మా పిల్లలు కల్వకుర్తి నుంచి వచ్చిన జట్టును చిత్తు చేశారు. శ్రావణి ఒక్కతే ఇరవై రెండు పాయింట్లు కొట్టింది. నేను అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాను. ఇంకో ఆటలో మక్తల్ పిల్లలు నారాయణపేట వైపు నుంచి వచ్చిన జట్టును ఓడించారు. ఆ ఆట నేను చూడలేదు. ఆ టైంలో పీడీ సార్‌తో జోన్ గురించి మాట్లాడుతున్నాను. చూసి ఉంటే బాగుండేది.

ఫైనల్ మధ్యాహ్నం రెండింటికి మొదలైంది. మొదటి క్వార్టర్ పది నిమిషాల్లో నాకు అర్థమైంది ఒక్కటే: నేను ఇంతకాలం ఈ ఆటను ఒక పక్క నుంచే చూశానని.

ఆట తెలియని వాళ్ల కోసం చెప్తాను. బంతి దొరికిన జట్టు ఎనిమిది సెకన్లలో నడిగీత దాటించాలి. లేకపోతే బంతి అవతలి వాళ్లకు పోతుంది. మామూలుగా ఇది ఎవరికీ గుర్తుండని రూలు. మూడు నాలుగు సెకన్లలో అందరూ దాటేస్తారు. మక్తల్ మీద మా పిల్లలు దాటలేకపోయారు. నడిగీత మీద మాదేవి ఉంది. పొట్టిపిల్ల, చేతులు బారచాపి, మోకాళ్లు వంచి, కళ్లు బంతి మీద కాకుండా బంతి వేసే పిల్ల భుజాల మీద. శ్రావణి ఎడమకు పోతే ఎడమకు, కుడికి పోతే కుడికి. బంతిని తట్టేస్తుంది, లాగేస్తుంది, మధ్యలో పట్టేసి తన వాళ్లకు మోకాలి ఎత్తులో వేసేస్తుంది. మళ్లీ గీత మీదికి వచ్చి నిలబడుతుంది. ముందుకు ఉరికి తాను బాస్కెట్ వేద్దామన్న ధ్యాసే లేదు. మూడుసార్లు వరసగా రెఫరీ ఎనిమిది సెకన్ల విజిల్ ఊదాడు. నా జీవితంలో ఒక ఆటలో మూడుసార్లు ఆ విజిల్ వినలేదు.

సగం ఆట అయ్యేసరికి ఇరవై, పదకొండు. మేమే పదకొండు.

విరామంలో జట్లు దిక్కులు మారతాయి. ఇప్పుడు ఆమె అటు తిరిగి నిలబడాలి, ఇబ్బంది పడుతుందనుకున్నాను. ఎక్కడ? దిక్కు మారినా ఆమెకు ఏమీ మారలేదు. గీతకు మడమ ఆనించి నిలబడింది, నిన్న కందులకు వీపు పెట్టి నిలబడ్డట్టే. అప్పుడు తట్టింది. ఏ దిక్కుకు తిప్పినా ఆ పిల్లకు వెనక కందులే ఉన్నాయి. ముందు రింగు లేదు. అందుకే ముందుకు పోదు, వెనక్కి తగ్గదు.

వెనక్కి తగ్గదు! నేను లేచి నిలబడ్డాను.

"సార్, పొడుగు పాస్ ఏయించుండ్రి! ఆ పిల్ల తల మీది కెళ్లి! అది ఎనుకకు అడుగు పెట్టది!"

"మీకెట్ల తెలుసు మేడం?"

"నిన్న చూసిన. ఎనుక కందులున్నయనుకుంటది. పెట్టది!"

పీడీ సార్ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. కానీ ఓడిపోతున్న మనిషి ఏదైనా చేస్తాడు. మూడో క్వార్టర్ నుంచి మా పిల్లలు మాదేవి అందుకోలేనంత ఎత్తుగా బంతి వేశారు. ఆమె ఎగిరేది, అందకపోతే అక్కడే దిగేది. ఒక్కడుగు వెనక్కి వేస్తే అందే బంతులు కూడా వదిలేసింది. అవతల శ్రావణి ఒంటరిగా అందుకుని వేస్తూ పోయింది. ఇరవై ఆరు, ఇరవై ఒకటి. ముప్పై, ఇరవై ఏడు. నాలుగో క్వార్టర్‌లో ముప్పై రెండు, ముప్పై ఒకటి. నేను పీడీ సార్ వీపు మీద చరిచాను. "ఇగ చెప్పుండ్రి సార్, నేను ఆడిన కాలం వేరా?"

అప్పుడు గోడ దగ్గర, కందుల సంచుల మీద కూర్చున్న కాశమ్మ లేచి నిలబడింది. నోటికి రెండు చేతులు గరాటులా పెట్టి, కోర్టు దద్దరిల్లేలా ఒక్క కేక పెట్టింది.

"ఓ మాదేవీ! కందులు ఎత్తేసినమే పోరీ! ఎనుకకు పో! ఏం తొక్కవ్, ఎనుకకు పో!"

జనమంతా ఘొల్లుమన్నారు. నేను నవ్వలేదు. మాదేవి మెడ తిప్పి వెనక్కి చూసింది. నిజంగా చూసింది, ఆట మధ్యలో, ఖాళీ సిమెంటును. కుడికాలు ఎత్తి, నీళ్లలో పెడుతున్నట్టు జాగ్రత్తగా వెనక్కి పెట్టింది. ఇంకో కాలు పెట్టింది.

అంతే. ఆ తర్వాత మా పొడుగు పాస్ ఒక్కటీ శ్రావణిని చేరలేదు. ముప్పై ఎనిమిది, ముప్పై మూడు. మక్తల్ గెలిచింది. మాదేవి పాయింట్లు సున్నా.

కాశమ్మ మళ్లీ సంచుల మీద కూర్చుని పక్కావిడను అడగడం విన్నాను. "అయిపాయెనా? ఎవలు గెలిచిన్రు?"

ఇక అసలు విషయం. ఆట అయ్యాక స్టాఫ్ రూంలో టీ ఇచ్చారు. ఆటగాళ్లను ఎంపిక చేసే ముగ్గురూ అక్కడే ఉన్నారు. వాళ్లలో నెరిసిన మీసాల పెద్దసారు నన్ను చూసి నవ్వాడు.

"మిఠాయి ఎప్పుడు పెడ్తరు మేడం? మీ శ్రావణినే అనుకుంటున్నం. రెండు ఆటలల్ల కలిపి అందరికంటే ఎక్కువ పాయింట్లు ఆమెవే."

థ్యాంక్స్ చెప్పి టీ తాగి రావలసింది. మూడేళ్లుగా ఆ పిల్ల పొద్దున అయిదింటికి లేవడం చూసినదాన్ని నేనే. ఆ మాట నోట్లోకి వచ్చింది కూడా. బయటికి మాత్రం వేరే మాట వచ్చింది.

"మరి మాదేవి?"

"ఎవరు, ఆ నడిగీత పిల్లా? సున్నా మేడం. సున్నా కొట్టిన పిల్లను తీస్కపోతే యూనివర్సిటీల నవ్వుతరు."

"నవ్వెటోళ్లను ఒకపారి ఆమె ముందట బంతి పట్టుకొని నడిగీత దాటుమనుండ్రి సార్. ఏసేటోళ్లు మీకు ముందే పదకొండు మంది ఉన్నరు. ఆపేటోళ్లు ఎందరున్నరు?"

"షూటింగే రాదు గద మేడం ఆమెకు."

"రింగు లేని కాడ షూటింగు ఎట్ల వస్తది? రింగు పెట్టుండ్రి, నేర్చుకుంటది. ఆ కాళ్లు మాత్రం మీరు నేర్పలేరు. బంతి ఏస్తె రాసుకుంటున్నరు. ఆపితే ఎవలు రాస్తున్నరు?"

ఎంపికలో ఉన్న కళ్లద్దాల మేడం టీ గ్లాసు పక్కన పెట్టింది. "జర ఆగుండ్రి. శ్రావణి మీ చెల్లె బిడ్డ కాదా?"

"అవును."

"మరి మీరు ఎవరి దిక్కు మాట్లాడుతున్నరు?"

నా మాటలు నాకే ఎవరో అవతలి గదిలో అంటున్నట్టు వినబడ్డాయి. వెనక చప్పుడైతే తిరిగి చూశాను. గుమ్మంలో శ్రావణి నిలబడి ఉంది, మెడలో తువ్వాల, చేతిలో నా శాలువా. నాకు చలి పెడుతుందని తెచ్చింది. అంతా విన్నది. శాలువా కుర్చీ మీద పెట్టి వెళ్లిపోయింది.

పెద్దసారు మీసాలు సవరించుకుంటూ పాయింట్ల కాగితం మళ్లీ తిరగేశాడు. "ఆ నడిగీత పిల్లను పిలువుండ్రి" అన్నాడు చివరికి. శ్రావణిని స్టాండ్‌బైగా రాశారు. అంటే ఎవరికైనా కాలు విరిగితే పిలుస్తారు.

మాదేవి వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది. ఎంపికైందని చెప్తే ఆమె అడిగింది ఒక్కటే. "అక్కడ రింగులు రెండు దిక్కులా ఉంటయా సార్?"

మర్నాడు ఆరున్నరకు మక్తల్ నుంచి బయల్దేరాం. వచ్చిన దారిలో నాలుగు బస్సులు మారలేనని పీడీ సార్ చేతులెత్తేశాడు. అందుకని హైదరాబాద్ మీదుగా. మీరు కూడా అలాగే పోండి, దూరం ఎక్కువైనా నడుము నిలుస్తుంది. బస్సు కదిలే ముందు కాశమ్మ ఉరుక్కుంటూ వచ్చి కిటికీలోంచి నా ఒళ్లో ఒక మూట పడేసింది. నాలుగు కిలోల పైనే ఉంటాయి, కొత్త కందులు. "పప్పు చేస్కోరి. నా బిడ్డ దిక్కు మాట్లాడిన్రంట" అంది. శ్రావణి రెండు సీట్ల ముందు కూర్చుని ఉంది. ఆమె వీపు బిగుసుకోవడం నాకు కనబడింది.

మహబూబ్‌నగర్‌లో టిఫిన్‌కు దిగితే నా పక్కన కూర్చోలేదు. హైదరాబాద్‌లో బస్సు మారినప్పుడు కూడా వేరే పిల్లల మధ్యకు పోయింది. పీడీ సార్ వచ్చి మెల్లగా అన్నాడు, "మీరు చెప్పింది కరెక్టే మేడం. గని నా పిల్ల అయితే నేను చెప్పకపోయెటోణ్ణి." మూట ఒళ్లో పెట్టుకుని హైవే చూస్తూ కూర్చున్నాను. చెల్లెలికి ఏమని చెప్పాలి? నీ బిడ్డ సీటును నా నోటితో తీసేశానని చెప్పాలా?

చిట్యాల దగ్గర బస్సు నిండా జనం ఎక్కారు. ఒక పిల్లలతల్లికి తన సీటు ఇచ్చి శ్రావణి లేచింది. నా పక్కన తప్ప ఖాళీ లేదు. వచ్చి కూర్చుంది. కట్టంగూర్ పోయే వాళ్లు నార్కట్‌పల్లిలో దిగారు. తర్వాత రోడ్డు మీదే చూపు పెట్టి అంది:

"నువ్వు చెప్పింది తప్పు గాదు పెద్దమ్మా."



"గని చెప్పాల్సింది నువ్వు గాదు. నేను. నేనే చెప్దామని వచ్చిన ఆ రూముకు. చెప్తనో చెప్పనో నాకే తెల్వదు. తలుపు కాడ నిలబడి అదే సోంచాయిస్తున్న. నువ్వు నాకు ఆ మాట లేకుంట చేసినవ్."

నేను పదిమందిని కూర్చోబెట్టి నోరు మూయించగలదాన్ని. ఆ బస్సులో, ఇరవై ఏళ్ల పిల్ల ముందు, మూట ముడి సరిచేసుకుంటూ కూర్చున్నాను. దూరంగా నల్లగొండ గుట్టలు రెండూ కనబడుతున్నాయి.

ఆమె చెయ్యి చాపి నా ఒళ్లో మూటను అదిమి చూసింది. గింజలు లోపల కదిలాయి.

"గివి పప్పుకు పొయ్యకు."

"మరి?"

"రేపు పొద్దుగాల అయిదింటికి గ్రౌండ్‌కు తీస్కరా. నడిగీత కాడ, నా ఎనుక ఈ కందులు పొయ్యి. నువ్వు బంతి ఏస్తుండు. ఎంత గట్టిగ ఏస్తవో ఏయి. ఒక్కటి కందుల్ల పడ్డా చెరిగేది నేనే."

"నాకు మోకాలు నొప్పి కదనే..."

"నిన్న స్టాఫ్ రూంల మోకాలు నొయ్యలేదా?"

ముందు సీట్లోంచి పీడీ సార్ పగలబడి నవ్వాడు. బస్సు నల్లగొండ బస్టాండ్‌లోకి తిరిగింది. శ్రావణి తన కిట్ బ్యాగు నాకిచ్చి, కందుల మూటను తానే భుజాన వేసుకుని దిగింది.